నలభై దెబ్బలకు ఒక బిందె

కొత్తగా ఇంజినీరింగు ఉద్యోగంలో చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, కాంట్రాక్టరు మోసం చేస్తే ఎట్ల పట్టుకోవాలె?" నేను తిరిగి ఒకటే అడుగుతాను. "నువ్వు రాసిచ్చిన కాగితం తియ్యి. దాంట్ల నువ్వేం అడిగినవ్?" అక్కడ పిల్లలు మొహం ముడుచుకుంటారు. ముసలాయనకు చాదస్తం అనుకుంటారేమో. అనుకోనీ.

నేను పంచాయతీ సమితిలో ఓవర్సీరుగా చేరి ఇంజినీరుగా దిగిపోయాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, వాటికి ఎవరు అడ్డుపడ్డారో ఇక్కడ రాయను. ఆ కథలు మా ఇంట్లో వాళ్లే వినడం మానేశారు. నేను రాసేది బోరింగుల గురించి. చేతిపంపు అనేది పుస్తకాల మాట, మా జనగామ వైపు అందరికీ అది బోరింగే. సర్కారు తను చేయాల్సిన పనిని బయటి మనిషి చేతిలో పెట్టేటప్పుడు ఏం చూసుకోవాలో నాకు ఆ ఇనుప పిడే నేర్పింది. నేర్చుకోవడానికి మూడు కాగితాలు పట్టాయి. మధ్యలో ఒక ఆడమనిషి చెయ్యి విరిగింది.

జీపు దిగని గురువు

నేను చేరింది అరవై తొమ్మిదిలో. బడులు బందు, బస్సులు బందు. సైకిలు మీద ఆఫీసుకు పోతుంటే దారిలో కాలేజీ పిల్లలు ఆపి "ఏ ఊరన్నా నీది?" అని అడిగేవాళ్లు. "దేవరుప్పుల పక్కకే తమ్మీ" అంటే నవ్వి వదిలేవాళ్లు. నాకూ వాళ్లతో కలిసి రోడ్డు మీద కూర్చోవాలనే ఉండేది. కొత్త ఉద్యోగం, ఇంట్లో నా జీతం కోసం ఎదురుచూసే వాళ్లు నలుగురు. మనసు రోడ్డు మీద, ఒళ్లు ఆఫీసులో.

మా ఇంజినీరు గారు కోస్తా నుంచి వచ్చినాయన. బయట జై తెలంగాణ అని గోడలు అదిరేలా అరుస్తుంటే ఆయన కిటికీ మూసి, నా ముందు ఒక టెండరు ఫారం పెట్టి, మాట మాటకూ అర్థం చెప్పేవాడు. నా భాషంటే ఆయనకు వేళాకోళం. "గిట్ల, గట్ల అంటావేంటయ్యా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు!" అనేవాడు. నాకు కడుపు మండేది. కానీ నిజం నిజమే. కాగితం రాయడం నాకు నేర్పింది ఆయనే, ఇంకెవరూ కాదు.

"కాంట్రాక్టరు నీకు చుట్టమూ కాదు, పగవాడూ కాదు" అనేవాడు. "నువ్వు రాసింది చేస్తాడు, రాయనిది చెయ్యడు. అంచేత రాసేటప్పుడే బుర్ర పెట్టు."

తెలివైనవాడు, చేతులు శుభ్రమైనవాడు. ఒక్కటే లోపం. ఊర్లోకి పోతే జీపు దిగడు. అద్దంలోంచే చూసి "పదండి" అనేవాడు. పైవాళ్ల గురించి నా అనుభవం చెబుతున్నాను వినండి. ఏ లోపమూ లేని బాసు దొరకడు. ఆయన దగ్గర ఏముందో అది తీసుకోండి, లేనిదాన్ని మీరు చేసి పెట్టండి.

అడిగింది ఇచ్చాడు

తర్వాత వచ్చిన కరువు ఏళ్లలో ఊరూరా బోర్లు వేసి పంపులు బిగించారు. వేసేటప్పుడు కొబ్బరికాయలు, ఫొటోలు. చెడిపోతే మాత్రం సమితికంతా సైకిలు మీద తిరిగే మెకానిక్కు ఒక్కడే. అతను ఒక చివర బాగుచేసి వచ్చేసరికి ఇంకో చివర రెండు ఆగిపోయేవి. అప్పుడు పనిని బయటికి ఇద్దామని తేల్చారు. రాసే పని నాకు వచ్చింది.

కాంట్రాక్టు దక్కింది శంకరయ్యకు. జనగామ బజారులో సైకిలు దుకాణం ఉండేది. సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక పానా పెట్టుకుని తిరిగేవాడు. అతను చెయ్యి పెడితే మొండి ఇనుము కూడా మాట వినేది. ఇంత మంచి పనివాడు దొరికాడని మురిసిపోయి, రిపేరుకు ఇంత అని రాసేశాను.

రెండు నెలలు తిరక్కముందే మా బోరింగులన్నీ జబ్బు మనుషులైపోయాయి. ఇవాళ బాగైంది పది రోజులకు మళ్లీ మూలిగేది. విప్పి చూస్తే లోపల వేసిన తోలు వాషరు చిరిగి పేలికలై ఉండేది. పాత చెప్పుల తోలులా పల్చగా ఉంది. నేను బజారులోనే శంకరయ్య మీద అరిచాను.

అతను పానా తీసి కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. "సారు, జర గుస్స తక్కువ చేసుకో. మీరు రిపేరుకు ఇంత అని రాసిండ్రు. బోరింగు మంచిగ నడిస్తే నాకేమొస్తది? అది సెడితెనే గద నా ఇంట్ల పొయ్యి ఎలిగేది."

ఈ మాట మా ఇంజినీరు గారికి చెప్పి, ఇతన్ని తీసేద్దామన్నాను. ఆయన కళ్లజోడు తీసి పగలబడి నవ్వాడు. "వాణ్నెందుకు తీసేయడం? నువ్వు నీళ్లు అడగలేదయ్యా, రిపేర్లు అడిగావు. అడిగినన్ని ఇచ్చాడు పాపం!"

సిగ్గుతో ఆ వారంలోనే రెండో కాగితం రాశాను. బోరింగు నడిచిన నెలకు ఇంత, ఆగిన రోజులకు కోత. శంకరయ్య మరుసటి రోజే మంచి దళసరి బర్రె తోలు కొని, నూనెలో నానబెట్టి వాషర్లు కోయించాడు. మనిషి అతనే, దుకాణం అదే, పానా అదే. ఆ తోలు వాసన నాకు అత్తరులా అనిపించింది. ఇక ఢోకా లేదనుకున్నాను.

మావాళ్లు మాత్రమే చేయగల తప్పు

బోరింగు నడిచిందని ఎవరు చెప్పాలి? నేను క్షణం ఆలోచించకుండా ఊరి సర్పంచు సంతకం అని రాశాను. పైనా ఎవరూ కాదనలేదు.

ఆ ఊరి పేరు రాయను. దేవరుప్పుల దాటి లోపలికి పోవాలి. మూడు బోరింగులు ఉండేవి. పంచాయతీ ఆఫీసు ముందు ఒకటి, బడి దగ్గర ఒకటి, ఊరి చివర మాదిగ వాడలో ఒకటి. సర్పంచు పటేలు చెడ్డవాడు కాదు, శంకరయ్య దగ్గర పైసా ముట్టలేదు. నెలాఖరున శంకరయ్య వస్తే పంచాయతీ ముందున్న బోరింగును తనే నాలుగుసార్లు కొట్టి చూసేవాడు. నీళ్లు దుమికేవి. మూడూ నడుస్తున్నాయని సంతకం చేసేవాడు.

వాడలోది చూడలేదు. ఆయన తండ్రి ఆ వాడలో అడుగుపెట్టలేదు, ఆయనా పెట్టలేదు. ఓట్ల రోజుల్లో కూడా వాడ వాళ్లనే తన వాకిట్లోకి పిలిపించుకునేవాడు. ఆయన ఇంట్లో చేదబావి ఉంది, బోరింగు నీళ్ల గోస ఆయనకు తెలియదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు, నేను పుట్టింది పక్క ఊర్లోనే. తెలిసి తెలిసి, వాడలో నీళ్లు పడుతున్నాయని చెప్పే పనిని వాడకు పోని మనిషికి అప్పజెప్పాను. కోస్తా ఇంజినీరు ఈ తప్పు చేసుంటే తెలియక చేశాడనుకోవచ్చు. నాకు ఆ సాకు కూడా లేదు.

శంకరయ్య సంతకం దొరికే చోటిదాకా పోయేవాడు, అక్కడి నుంచి వెనక్కి తిరిగేవాడు.

ఎండాకాలం ముదిరిన ఒక ఉదయం ఆ వాడ నుంచి ఒకతను ఆఫీసుకు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "మా వదినె సోమక్క నీళ్లకు పోయి బాయిల పడ్డది సారు. చెయ్యి ఇరిగింది, జనగామ దవాఖానల ఉన్నది" అన్నాడు. బోరింగు ఉండగా బావికి ఎందుకు పోయిందని అడిగాను. "బోరింగా? మూడు నెల్లాయె, పిడి లేపితె గాలొస్తది."

ఫైలు తీశాను. మూడు నెలలకూ సర్పంచు సంతకం ఉంది. దాని కింద, ప్రతి నెలా, నాది.

దవాఖానలో

సోమక్కకు అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. నాట్ల పనిలో ఆమె వెంట ఎవరూ సాగలేరని తర్వాత తెలిసింది. ఊరి బయట ఒక రైతు బావికి మెట్లు విరిగిపోయి ఉన్నాయి, రెండు బిందెలతో ఎక్కుతూ జారింది. కుడి మణికట్టుకు కట్టు కట్టారు. మంచం పక్కన నిలబడి నేను ఎవరో చెప్పుకున్నాను. ఏదో పలకరించాలి కదా అని, బోరింగు ఆగిన సంగతి కాగితాల్లో ఎక్కడా లేదని నసిగాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "కాయితంల మా బోరింగు మంచిగనే నడుస్తుందంట గద. మరి గా కాయితం తెచ్చి నా బిందె మీద పిండు సారు. రెండు చుక్కలన్న రాలుతయేమో."

పక్క మంచాల వాళ్లు నవ్వారు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

స్టూలు లాక్కుని కూర్చుని అడిగాను. "మరి సంతకం ఎవలు పెట్టాలె అక్కా?"

"ఎవలు మోస్తే వాళ్లు."

"మీకు సంతకం రాదు గద?"

"ఏలు లేదా?" అని ఎడమ చెయ్యి ఎత్తి చూపించింది. "పటేలు ఏం చూస్తడు, నీళ్లు పడ్డయా లేదా అని చూస్తడు. నీళ్లు ఏడ్సుకుంట పడ్డా పడ్డట్టేనా? నలభై సార్లు కొడితె బిందె నిండాలె. గట్లయితె అది నడిచినట్టు. అరవై కొట్టాలంటె లోపల ఏందో సెడుతున్నదన్నట్టు. ఆర్నెల్ల ముందే మాకెర్క, గిది ఆగుతదని. మమ్ముల అడిగినోళ్లెవలు?"

నేను చదివిన చదువులో పంపుకు ఎన్నో లెక్కలున్నాయి. ఇంత సూటి కొలత ఒక్కటీ లేదు. బోరింగు ఆగకముందే ఆగబోతుందని చెప్పే కొలత అది. జేబులోంచి డైరీ తీసి, దవాఖాన మంచం పక్కనే రాసుకున్నాను: నలభై దెబ్బలకు ఒక బిందె.

మూడో కాగితం

మూడో కాగితంలో సర్పంచు సంతకం తీసేశాను. ప్రతి బోరింగు దగ్గరా నీళ్లు మోసే ఆడవాళ్లు ఇద్దరు, నెలకోసారి, ఆ ఊరి బిందె పెట్టి కొట్టి చూసి వేలిముద్ర వేయాలని రాశాను. వేలు పడకపోతే కాంట్రాక్టరుకు ఆ నెల డబ్బు లేదు.

సమితి ప్రెసిడెంటు ఆఫీసుకు వచ్చి బల్ల గుద్దాడు. "మా సర్పంచుల సంతకం చెల్లదు గాని, వాడల ఆడోళ్ల ఏలు చెల్లుతదా? ఎవని పెత్తనమయ్యా గిది?" మా ఇంజినీరు గారు ఆయన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆయన వెళ్లాక నా కాగితం రెండుసార్లు చదివాడు. అవతల పడేస్తాడనే అనుకున్నాను.

"ఇలా చెయ్యమని రూల్సులో లేదయ్యా" అన్నాడు. కలం మూత తీసి, "చెయ్యకూడదని కూడా లేదు" అని సంతకం పెట్టాడు. నా భాషను వెక్కిరించిన మనిషి ఆ రోజు నా కోసం ప్రెసిడెంటుతో కయ్యం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి గిట్ల గట్ల అన్నా నాకు కోపం రాలేదు.

శంకరయ్య అలుగుతాడనుకున్నాను. అతను చేతులు తుడుచుకుని పెద్దగా నవ్వాడు. "మంచి పని చేసినవ్ సారు. సంతకం కోసం పటేండ్ల ఇండ్ల సుట్టు తిరుగుడు తప్పింది. ఆయన ఊర్లె ఉండడు, ఉంటె పండుకుంటడు. గీళ్లకు నీళ్లొస్తె సాలు, ఏలేస్తరు." నేర్చుకోండి. పని తెలిసిన కాంట్రాక్టరు గట్టి కొలతకు భయపడడు. కొలత లేని చోటే వాడు మనుషులను పట్టుకోవాల్సి వస్తుంది.

ఆ నెల శంకరయ్య వాడలో బోరింగు విప్పి కొత్త తోలు వేశాడు. కట్టు విప్పిన చేతిని ఒడిలో పెట్టుకుని సోమక్క లెక్కపెట్టింది, ఇంకొకామె కొట్టింది. ముప్పై తొమ్మిదికే బిందె పొర్లింది. సోమక్క మణికట్టు మాత్రం సరిగా అతకలేదు. అది కొంచెం వంకరగానే ఉండిపోయింది.

నలభై అన్నిచోట్లా నలభై కాదు

ప్రెసిడెంటు కోపం ఊరికే పోలేదు. నన్ను మహబూబాబాదు వైపు వేశారు. నెల్లికుదురు ఊర్లలో నా గొప్ప కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా దింపాను. ఒక్క నెలా ఎవరూ వేలు వేయలేదు. కాంట్రాక్టరు లబోదిబోమన్నాడు. పోయి చూస్తే అక్కడి ఆడవాళ్లు వాడేది పెద్ద బిందె. "మీ జనగామ బిందెలు మాకు సెంబులసొంటియి సారు" అని ఆటపట్టించారు. ప్రతి ఊర్లో కొత్త పంపు మీద ముందు కొట్టి చూసి, ఆ లెక్కే ఆ ఊరికి రాయాలని అప్పుడు తెలిసింది. ఒకచోట గెలిచిన కాగితాన్ని ఇంకోచోట కళ్లు మూసుకుని దింపకండి.

తర్వాత కాటారం. భూపాలపల్లి నుంచి వచ్చే బస్సు గట్టి వానలు పడితే వారాలపాటు ఆగిపోయేది. అక్కడ నేను కాంట్రాక్టే పిలవలేదు. వాగు పొంగితే రాలేని మనిషికి పని ఇచ్చి ఏం లాభం? ఊర్లోని కమ్మరాయనకు పానాలు కొనిచ్చి, వాషరు మార్చడం నేర్పించాను. బయటికి ఇవ్వకూడని పని ఏదో గుర్తుపట్టడం కూడా ఈ విద్యలో భాగమే. దీన్ని మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

ఆ రోజు వేలు పడలేదు

సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్తలో నేను మళ్లీ జనగామ వైపు ఇంజినీరుగా వచ్చాను. నా మూడో కాగితం ఇంకా నడుస్తోంది. జుట్టు నెరిసిన శంకరయ్యే ఇంకా కాంట్రాక్టరు. కానీ కొత్త మండల ప్రెసిడెంటు దాన్ని తీసేయాలని పైకి రాశాడు. "ఆడోళ్లు ఏం చూడరు, శంకరయ్య అడిగితె ఏలేస్తరు. అది ఉత్త తంతు. సర్పంచుల సంతకం మల్ల పెట్టాలె." చూసి తేల్చడానికి జిల్లా నుంచి పెద్ద ఇంజినీరు వస్తున్నాడని కబురు వచ్చింది. ఎవరో కాదు, మా పాత గురువే. నాకు ప్రాణం లేచొచ్చింది. సోమక్క వాడకే తీసుకుపోదామనుకున్నాను. ఆమె వేలు వేస్తుంది, ఆయన చూస్తాడు, కథ సుఖాంతం.

జీపు వాడ మొదట్లో ఆగింది. ఈసారి ఆయన దిగాడు. ప్రెసిడెంటు కూడా దిగక తప్పలేదు. బోరింగు దగ్గర బిందె, పుస్తకం, సిరా డబ్బా సిద్ధంగా ఉన్నాయి. ఒకామె కొట్టింది, సోమక్క లెక్కపెట్టింది. నలభై దగ్గర ఆగి బిందెలోకి చూసింది. నాలుగు వేళ్ల వెలితి.

"నిండలే. నేను ఏలెయ్య" అంది.

శంకరయ్య మొహం మాడిపోయింది. ఇప్పుడు రాద్ధాంతమైతే ప్రెసిడెంటు ఇదే సాకు చేసుకుంటాడు, ఏళ్ల కష్టం పోతుంది. అందరూ వింటుండగానే గొంతు తగ్గించి బతిమాలాను. "అక్కా, పెద్దసార్లొచ్చిండ్రు. బిందె నాలుగు వేళ్లే గద తక్కువ. ఇయ్యాల్టికి జర ఏలెయ్యి. రేపే బాగుచేపిస్త."

సోమక్క నన్ను చూసింది. దవాఖానలో చూసిన చూపే.

"లెక్క నువ్వే గద రాసింది. నువ్వే కొట్టు సారు."

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. ఎన్ని కాగితాల్లో నలభై అని రాశానో, ఎన్ని ఊర్లు తిప్పానో. బోరింగు పిడి పట్టుకుని ఒక్క బిందె నింపింది మాత్రం లేదు. చొక్కా చేతులు మడిచి కొట్టాను. ఇరవై దాటేసరికి భుజాలు గుంజాయి. ముప్పై దాటేసరికి ఊపిరి అందలేదు. మా గురువు గారు పైకి లెక్కపెడుతున్నాడు. నలభై. వెలితి. నలభై ఐదుకు గానీ నిండలేదు. నిండిన బిందె పక్కన నేను చతికిలబడ్డాను.

సోమక్క వంకర మణికట్టును నా ముందు చాపింది. "ఐదు దెబ్బలే గద అంటవ్. గీ చెయ్యి ఇరిగింది ఐదు దెబ్బలకు కాదు సారు. ఉట్టిగ పెట్టిన ఒక్క సంతకానికి."

మా గురువు గారు ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "అడిగితే వేసేస్తారన్నారు గదండీ. శంకరయ్య కాదు, ఏకంగా ఇంజినీరే బతిమాలాడు. వెయ్యలేదు. ఇంతకంటే గట్టి సంతకం మీ మండలంలో ఎక్కడన్నా ఉంటే చూపించండి, మార్చేద్దాం." ప్రెసిడెంటు దగ్గాడు. ఆ షరతు ఉండిపోయింది. నేను వేయించబోయిన దొంగ వేలు పడి ఉంటే ఆ రోజే పోయేది.

శంకరయ్య పైపులు పైకి లాగించి, అరిగిన వాషరు తీసి కొత్తది వేశాడు. మధ్యాహ్నం దాటింది. మా గురువు గారు వేపచెట్టు నీడలో వాడ వాళ్లు వేసిన మంచం మీద కూర్చుని, వాళ్లిచ్చిన నీళ్లే తాగి, అయ్యేదాకా కదలలేదు. మళ్లీ కొట్టారు. నలభైకి బిందె అంచుదాకా వచ్చి పొర్లింది.

కొట్టినామె వేలు పడ్డాక సోమక్క ఎడమ బొటనవేలు సిరాలో అద్ది పుస్తకంలో ఒత్తింది. "ఇగ నువ్వు పెట్టు సారు" అని పుస్తకం నా వైపు జరిపింది.

సర్వీసంతా పైఅధికారుల సంతకాల కింద నా సంతకం పెట్టాను. ఒక్కటీ ఇప్పుడు గుర్తు లేదు. ఆ రోజు సోమక్క వేలిముద్ర కింద పెట్టింది మాత్రం, సిరా ఆరిందో లేదో చూసుకుని, పూర్తి పేరు రాసి పెట్టాను.